ఎడమ చెంప మీది వెచ్చదనం

మా అక్క పొద్దున్నే మందు పట్టిస్తోందని పక్కింటి ఫ్లోసీ చెప్పిందట. నాతో కాదు, నాతో ఎందుకు చెప్తుంది! కిరాణా కొట్లో బిల్లు కొట్టే అమ్మాయితో చెప్పింది. ఆ అమ్మాయి నా గుడ్లూ బ్రెడ్డూ సంచిలో సర్దుతూ, జాలి నిండిన మొహంతో చెవి దగ్గరికి వంగి మరీ చెప్పింది.

"ఏమనుకోకండి మిస్ మిన్నా. ఫ్లోసీ స్వయంగా చూసిందట. మీ అక్కగారు నీళ్ళ గొట్టం పట్టుకుని, గులాబీల్ని వదిలేసి కారుకి నీళ్ళు పోస్తున్నారట. పైగా ఆ కారుతో ఏదో మాట్లాడుతున్నారట."

"అవును, కాస్త అలవాటుంది," అన్నాను.

"కాస్తేనా?"

"కాస్త ఎక్కువే."

ఆ పిల్ల తృప్తిగా నిట్టూర్చింది. సాయంత్రానికల్లా వాన్ నైస్ పేట మొత్తానికీ తెలిసిపోతుంది. నాకు కావలసిందీ అదే. సినిమాలవాళ్ళ ఊళ్ళో తాగుబోతుకి దారి ఉంది. మొహాన నీళ్ళు కొట్టి, కాఫీ పట్టించి, కెమెరా ముందు నిలబెడతారు. అలా నిలబెట్టేవాడికీ ఆ అలవాటుంటుంది గనక తప్పు పట్టడు. చూపు పోయినదానికి ఏం పట్టించి నిలబెడతారు?

ఇంటికొచ్చేసరికి అక్క వరండాలో కూచుని బఠాణీలు ఒలుస్తోంది. నా అడుగులు గుర్తుపట్టి తల తిప్పింది. కళ్ళు సూటిగా నా మొహం మీదే నిలిచాయి. తెలియనివాళ్ళెవరైనా చూస్తే, తలలో తెల్లవెంట్రుకలు లెక్కపెడుతోందనుకుంటారు. ఫ్లోసీ సంగతి చెప్పాను.

"ఏం తాగుతున్నానని చెప్పావే?"

"ఏమని అడగలేదు. అడిగితే జిన్ అనేదాన్ని."

"ఛీ! కనీసం విస్కీ అనవే. పాతికేళ్ళు హీరోయిన్‌గా చేసినదాన్ని, ఆ మాత్రం పరువు ఉంచు."

అదీ మా అక్క. తెర మీద ఆవిడ పేరు లెనోర్ ఆష్‌బీ. మా అమ్మ పెట్టింది హల్డా క్రూసె. నెబ్రాస్కాలో చక్కెరదుంపల చేలో మట్టి గడ్డలు చిదుపుతూ పెరిగాం ఇద్దరం. సినిమాలకి మాట రాని రోజుల్లో, పదిహేడేళ్ళప్పుడు అది రైలెక్కింది. స్టూడియోవాళ్ళు దానికి కొత్త పేరు పెట్టారు, కొత్త పళ్ళు కట్టారు. సినిమాకి మాటొచ్చాక కొత్త గొంతూ నేర్పారు. నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని దొరసానుల ఇంగ్లీషు పలకడం నేర్చుకుంది. ఎందరు వీరులకో ప్రియురాలైంది. తర్వాత ఆ వీరులకే వదినైంది, ఆపైన తల్లయింది. వాళ్ళు మాత్రం వీరుల్లాగే ఉండిపోయారు. మగాడికి నెరిసిన జుట్టు అందం, ఆడదానికి నెరిసిన జుట్టు రిటైర్మెంటు; మా ఊళ్ళో ధర్మం అలా ఏడిచింది. మొగుళ్ళిద్దరు వచ్చారు, వెళ్ళారు. సినిమాలు రావడం మానేశాక టెలివిజన్ వచ్చింది. గుర్రాలూ తుపాకులూ ఉండే ఒక సీరియల్లో, పశువుల రాంచ్ యజమానులైన అన్నదమ్ములకి నాయనమ్మ వేషం. గ్రామ్ టాల్బట్; గ్రామ్ అంటే నాయనమ్మే. సినిమాలో ముప్ఫై ఏళ్ళు చేస్తే రాని పేరు ఆ నాయనమ్మకొచ్చింది. దారిన పోయే లారీడ్రైవర్లు కూడా "గ్రామ్! కాఫీ ఉందా?" అని అరిచేవాళ్ళు.

నేను దాని పొడుగే, దాని ఛాయే. అందుకని, దాని వెనకే వచ్చిన నాకూ ఒక పని దొరికింది. షాటుకి ముందు లైట్లు సర్దడానికి చాలా సేపు పడుతుంది. అంతసేపూ హీరోయిన్ ఆ వేడిలో నిలబడదు. ఆవిడ బదులు, ఆవిడ అంత మనిషి ఎవరో ఒకరు ఆ చోట నిలబడాలి. ఆ ఒకరు నేను. అంతా సిద్ధమయ్యాక "మిస్ ఆష్‌బీ!" అని కేకేస్తారు. నేను తప్పుకుంటాను, అది నా చోట్లోకి వస్తుంది. అప్పుడు కెమెరా తిరుగుతుంది. ఇరవై ఏళ్ళకి పైగా దీపాల కింద నిలబడ్డాను గానీ ఏ ఒక్క ఫిల్ములోనూ నేను లేను.

చూపు పోవడం మొదలై మూడేళ్ళయింది. ముందు అంచులు పోయాయి. తాళం కన్నంలోంచి చూస్తున్నట్టుంది అనేది. తర్వాత ఆ కన్నమూ పూడుకుపోతూ వచ్చింది. పాసడేనాలో ఒక కళ్ళ డాక్టరు దగ్గరికి హల్డా క్రూసె అనే పేరుతో తీసుకెళ్ళాను. చేయగలిగింది ఏమీ లేదని చెప్పి, ఆ తర్వాత "ఒకప్పుడు లెనోర్ ఆష్‌బీ అని ఉండేది, అచ్చం మీలాగే ఉండేదమ్మా," అన్నాడు. అక్క నవ్వి, "అందరూ అంటుంటారు," అంది.

ఆ వేసవికి అది వెలుగునీ చీకటినీ మాత్రమే పోల్చుకోగలిగేది. అయినా పని చేస్తోంది. ఎలా చేస్తోందంటే, దాని దీపం దానికి ఉంది. ఎడమ చెంప అందమైనదని సినిమాకి మాట వచ్చినప్పుడే స్టూడియోవాళ్ళు తేల్చారు, అప్పటినుంచీ ఎవరు లైట్లు పెట్టినా ఎడమవైపు కాస్త కిందగా ఒకటి దానికోసం పెట్టి తీరాలి. ఒప్పందంలో రాసుకున్న సంగతది. ఆ దీపం వేడి చెంప మీద చెవిదాకా పాకితే సరైన చోట ఉన్నట్టు. ముక్కు వెచ్చబడితే ముందుకు పడినట్టు. చెవి చల్లబడితే వెనకబడినట్టు. పొలంలో మా నాన్న ఎండని బట్టి పొద్దు చెప్పినట్టు, అది వేడిని బట్టి చోటు చెప్పేది. తక్కినవి నేను చెప్పేదాన్ని. చోటు మారేటప్పుడు మోచెయ్యి పట్టుకుని, అమ్మానాన్నలు మాట్లాడిన మా ఇంటి జర్మన్లో, "పొయ్యి కుడి పక్క, పెద్దాడు బల్లకవతల, చిన్నాడు తలుపు దగ్గర," అని గొణిగేదాన్ని. సెట్టు మీద అందరూ అది మా ప్రార్థన అనుకునేవాళ్ళు. ఒక వడ్రంగి టోపీ కూడా తీసేవాడు.

యేటేటా జూన్‌లో బీమా డాక్టరు పరీక్ష. అందులో పాసవకపోతే ఏ స్టూడియో గేటూ తెరుచుకోదు. గోడ మీద అక్షరాల అట్ట వేలాడదీసి చదవమంటాడు. ఎన్నేళ్ళయినా అదే అట్ట. నేను వెళ్ళి కంఠతా పట్టి వచ్చి అక్కకి అప్పజెప్పాను. పేజీలకి పేజీలు డైలాగులు మింగినదానికి ఆ కాసిని అక్షరాలొక లెక్కా! గడగడా చదివేసింది. ఆఖరి వరసలో మాత్రం ఆగి, కళ్ళు చికిలించి, "ఇది... పీ. కాదు, ఎఫ్. వయసు మీద పడుతోంది డాక్టర్," అంది. ఆ డాక్టరు మురిసిపోయాడు. ఆ యేడాది అది చేసిన అసలు నటన ఆ గదిలోనే. చూసింది నేనొక్కదాన్నే.

జూలైలో రంగొచ్చింది.

ఛానెలువాళ్ళు ఇక అన్నీ రంగుల్లోనే కావాలన్నారు. మొదటిరోజు సెట్టులోకి అడుగు పెట్టగానే తలెత్తి పైకి చూశాను. రంగుకి వెలుగు బోలెడు కావాలట. పైన కమ్మీల నిండా పందిరికి సొరకాయలు కాసినట్టు దీపాలు. పక్కనా ముందూ వెనకా ఇంకా దీపాలు. నేను వంటింట్లో నా చోట నిలబడేసరికి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. దాని దీపమూ ఉంది, ఒప్పందం ప్రకారం, ఎడమవైపు కాస్త కిందగా. ఊరంతా తగలబడుతుంటే అందులో మన పొయ్యి ఏదని వెతుక్కోవడం!

"మిస్ ఆష్‌బీ!" అని కేకేశారు. అక్క వచ్చింది. నేను పక్కకి తప్పుకుంటూ, "పెద్దాడు బల్లకవతల," అన్నాను. అది నా చెయ్యి వదల్లేదు.

"మిన్నా, అంతా వేడేనే," అంది, మెల్లగా.

పెద్ద మనవడు హంతకుల్ని వెంటాడతానని బయల్దేరుతుంటే గ్రామ్ కాఫీ పోసి, వెళ్ళొద్దని చెప్పాలి. అక్క కాఫీ పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు, వేలు కప్పులో పెట్టి కొలిచి పోయడం మూడేళ్ళుగా నేర్చిందే. తర్వాత రెండడుగులు వేయాల్సిన చోట నాలుగేసింది. కుర్రాణ్ణి దాటిపోయి, గోడకి తగిలించి ఉన్న కోటు ముందు నిలబడి, "నీ తాతనీ ఇలాగే పంపాను. జీను మీద అడ్డంగా వేసి తెచ్చారు," అని చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, ఆ కోటుకి ప్రాణముంటే వెళ్ళడం మానేసేది.

డైరెక్టరు కొత్తవాడు, డెన్నీ కాబ్. ఆ సీజనుకే వచ్చాడు. అంతకుముందు సబ్బు ప్రకటనలు తీసేవాడు. "కట్" అని, కోటు వైపూ కుర్రాడి వైపూ చూసి, "మిస్ ఆష్‌బీ, మనవడు బల్ల దగ్గరున్నాడండీ," అన్నాడు.

"తెలుసు. ముసలిది మనవడి మొహం చూస్తూ ఆ మాట చెప్పలేదు. అందుకే తిరిగాను," అంది అక్క, తడుముకోకుండా.

ఆ ఒక్కసారికి చెల్లింది. మర్నాడు చెల్లలేదు, ఆ మర్నాడూ చెల్లలేదు. ఒకరోజు దీపపు స్తంభానికి భుజం తగిలింది. మరోరోజు చిన్న మనవడి పేరు పెట్టి పెద్దవాణ్ణి పిలిచింది. ఆ కుర్రాళ్ళు మంచివాళ్ళే, మొహాలు పక్కకి తిప్పుకునేవాళ్ళు. మేకప్ గదిలో మాత్రం పుదీనా బిళ్ళలు ప్రత్యక్షమయ్యాయి, నోటి వాసన పోవడానికి. ఎవరు పెట్టారో తెలీదు. అక్క అవి చప్పరిస్తూ, "బావున్నాయే, ఇంకో పొట్లం కూడా పెట్టమను," అంది.

ఆగస్టులో నిర్మాత స్ట్రాస్నర్ నన్నొక్కదాన్నీ గదికి పిలిచాడు. భారీ మనిషి. కుర్చీలోంచి లేచి తలుపు తనే వేశాడు.

"సీసా ఎక్కడ దాస్తోంది, మిన్నా?"

సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"నువ్వు చెప్పవులే. మా నాన్న బార్లీ బస్తాలో దాచేవాడు. మా అమ్మ తెలీనట్టే ఊరుకునేది," అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "చూడు, లెనోర్ అంటే నాకు గౌరవం. చిన్నప్పుడు ఆవిడ బొమ్మ నా మంచం పక్క గోడకి ఉండేది. కానీ రంగు ఫిల్ము ఖరీదు నీకు తెలుసా? వచ్చే నెల ఒక ఎపిసోడ్ ఉంది. గ్రామ్‌కి చూపు పోతుంది."

నా చేతిలో సంచి జారింది.

"అంత ఉలిక్కిపడతావేం? ఇలాంటి సీరియళ్ళలో యేడాదికి ఒకరికి చూపు పోవాల్సిందే. ఆఖర్న వచ్చేస్తుంది కూడా. ఆ ఎపిసోడు మోస్తే ఆవిడకి ఈ యేడాదంతా ఢోకా లేదు, నేను చూసుకుంటాను. మోయలేకపోతే గ్రామ్‌ని సెయింట్ లూయీలో చెల్లెలింటికి రైలెక్కించేస్తాం. ఆ రైలు వెనక్కి రాదు. ఈ లోపల ఆ సీసా సంగతి చూడు."

ఆ మధ్యాహ్నం వరండాలో స్క్రిప్టు చదివి వినిపించాను. ఫ్లోసీ కంచెకవతల గడ్డి కోస్తున్నట్టు నటిస్తోంది గనక జర్మన్లోకి మార్చి చదివాను. గ్రామ్ పొద్దున్నే లేచి, "ఇంకా తెల్లారలేదేంట్రా?" అని అడుగుతుంది. ఆ మాట రాగానే అక్క నవ్వడం మొదలెట్టింది. ఒళ్ళో గిన్నె దొర్లిపోయేలా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఫ్లోసీ లోపలికి పరిగెత్తింది, ఫోను చెయ్యడానికి కాబోలు.

"ఇన్నాళ్ళూ తడుముకోకుండా ఉండటానికి చచ్చానే. ఇప్పుడు జీతమిచ్చి తడుముకోమంటున్నారు," అంది కళ్ళు తుడుచుకుంటూ. గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "మిన్నా, ఒక్కసారి దాక్కోకుండా చేస్తాను. ఆ తర్వాత రైలెక్కించుకోనీ," అంది.

"రైలెక్కించరు. యేడాదంతా ఉంటావు," అన్నాను. అలాగే నమ్మాను కూడా. అక్టోబరు గాలులు మొదలయ్యేసరికి ఆ వరండా మాది కాదని, ఇద్దరం నెబ్రాస్కాలో మేనల్లుడి ఇంట్లో వెనక గదిలో ఉంటామని అప్పుడెవరైనా చెప్తే, సబ్బు ప్రకటనల్లో చెప్పే మాటల్ని నమ్మినంత కూడా నమ్మేదాన్ని కాదు.

తర్వాతి రోజుల్లో ఇల్లంతా ఒక కొత్త కళ. అక్క ఇంట్లో ఎలా మసలుతుందో మొదటిసారి పట్టి చూశాను. చేతులు ముందుకి చాచదు. మునివేళ్ళతో కాదు, చేతి వెనకవైపుతో బల్ల అంచుని అలా రాసుకుంటూ పోతుంది, పిల్లి గోడని రాసుకుని పోయినట్టు. గదిలోకి వచ్చినప్పుడు గుమ్మంలో ఒక క్షణం ఆగుతుంది. గాలి ఎటు ఉందో, గడియారం ఎటు ఉందో వింటుంది. ఎవరైనా మాట్లాడితే ముందు చెవి తిరుగుతుంది, తర్వాత మొహం, ఆ తర్వాత కళ్ళు. ఆ కళ్ళు అక్కడ నిలబెట్టడానికి ఎంత కష్టపడేదో నాకే తెలీదు. ఇవన్నీ గ్రామ్ వేషంలో పెట్టేసింది. ఒక్క కళ్ళని నిలబెట్టడం మాత్రం మానుకోలేకపోయింది. "అలవాటైపోయిందే. మనిషి మాట్లాడుతుంటే చూడకపోతే మర్యాద కాదుగా," అనేది.

షూటింగ్ రోజు భోజనాల విరామంలో అందరూ బయటికెళ్ళాక, వంటింటి సెట్టంతా చేతులతో తిప్పించాను. పొయ్యి, బల్ల, కుర్చీ, నీళ్ళ కుండ. అన్నీ దానికి ఒంటబట్టాయి. ఎన్ని దీపాలు మండినా ఇక దానికి పనిలేదు.

మొదటి షాటు. గ్రామ్ గదిలోంచి వచ్చి గుమ్మంలో ఆగింది. చేతి వెనకవైపు బల్లకి ఆనించింది. "ఇంకా తెల్లారలేదేంట్రా?" అంది. చాలా మామూలుగా, రోజూ అడిగే మాటలా. మనవలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎండ బల్ల మీద పరుచుకుని ఉంది. ఎవరూ పలక్కపోయేసరికి అక్క మొహం మెల్లగా మారింది. భయం కాదు. వాళ్ళకి తెలిసిపోయిందన్న సిగ్గు. పైన దీపాల దగ్గరున్న ఒక ముసలాయన ముక్కు చీదడం నాకు వినబడింది.

"కట్," అన్నాడు డెన్నీ. దగ్గరికి వచ్చాడు. "బాగుంది మిస్ ఆష్‌బీ. కానీ గుడ్డివాళ్ళలా లేరు."

"లేనా?"

"మీరు మనుషుల్ని చూస్తున్నారండీ. వాళ్ళెక్కడున్నారో తెలిసినట్టే మొహం తిప్పుతున్నారు. చూసేవాళ్ళు నమ్మరు. గుడ్డివాళ్ళు ఇలా ఉంటారు." రెండు చేతులూ బారచాచి, తల పైకెత్తి, సెట్టులో తిరిగాడు. కుర్చీని తన్నుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

మళ్ళీ తీశారు. అక్క చేతులు కాస్త చాచింది. అవి దాని చేతుల్లా లేవు, అరువు తెచ్చుకున్నట్టున్నాయి. ఇంకోసారి తీశారు. ఇంకా చాచమన్నాడు, కళ్ళు పైకి పెట్టమన్నాడు. చెప్పినట్టల్లా చేసింది. నలభయ్యేళ్ళుగా డైరెక్టరు చెప్పింది చెయ్యడమే దాని చదువు. చేసేకొద్దీ అబద్ధంగా తయారైంది. స్ట్రాస్నర్ వచ్చి కెమెరా వెనక నిలబడ్డాడు. ఆయన మొహంలో రైలు కనబడుతోంది నాకు.

"ఒక పని చేద్దాం," అన్నాడు డెన్నీ. మెడలోని రుమాలు విప్పాడు. "కళ్ళకి గంతలు కట్టుకుని ఒకసారి వంటింట్లో నడవండి. చీకటంటే ఏంటో ఒంటికి తెలుస్తుంది. మేం నటుల బడిలో చేసేవాళ్ళం."

అక్క కాదనలేదు. తల వంచింది. వాడే కట్టాడు. "ఇప్పుడా కాఫీ కెటిల్ తెచ్చి బల్ల మీద పెట్టండి."

గంతల వెనక దానికి చీకటి కొత్తది కాదు కదా. పైగా ఇప్పుడు కళ్ళని ఎక్కడా నిలబెట్టాల్సిన పని లేదు. భుజాలు సడలాయి. చేతి వెనకవైపు బల్ల అంచుని రాసుకుంటూ వెళ్ళింది, కుర్చీని తప్పించుకుంది, పొయ్యి మీంచి కెటిల్ తీసింది, తిరిగొచ్చి బల్ల మధ్యలో పెట్టింది. చప్పుడే కాలేదు. కొంగు సర్దుకున్నట్టు శాలువా సర్దుకుని నిలబడింది. ఇరవయ్యేళ్ళ పిల్లలా ఉంది ఆ క్షణం.

సెట్టంతా గొల్లున నవ్వింది. "గ్రామ్ మోసం!" అని చిన్న మనవడు ఈలేశాడు.

డెన్నీ కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. "పల్చటి గుడ్డలెండి, కనబడుతోంది మీకు," అన్నాడు. రెండో రుమాలు తెప్పించి, దాని మీదే బిగించి కట్టాడు. మొహం ముందు చెయ్యెత్తి ఆడించాడు. "నిజం చెప్పండి మిస్ ఆష్‌బీ, ఇప్పుడు కూడా కనబడుతోంది కదూ? చెప్పండి చూద్దాం, నావి ఎన్ని వేళ్ళు?"

అక్క చెవి ముందు తిరిగింది, తర్వాత మొహం. ఆ తిరగడంలోనే ఏం చెప్పబోతోందో నాకు తెలిసిపోయింది. "వద్దక్కా," అన్నాను, మా ఇంటి జర్మన్లో. నా ప్రార్థన మొదలైందనుకుని వడ్రంగి టోపీ తీశాడు.

అక్క రుమాళ్ళు రెండూ తనే విప్పి, మడతపెట్టి, వాడి గొంతు వినబడిన వైపుకి చాచింది.

"వేళ్ళదాకా ఎందుకు డెన్నీ, నీ మొహమే నేనింతవరకూ చూళ్ళేదు."